కెఫ్కా మనసు ఎక్కడ విరిగింది?

నల్లగొండలో డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడు కొన్ని వారాలుగా ఫోనులో ‘ఫైనల్ ఫాంటసీ 6’ ఆడుతున్నాడు. అందులోని ప్రతినాయకుడు కెఫ్కా గురించి అడిగితే ఒక్క ముక్కలో చెప్పేశాడు: “వాడు ఎర్రగడ్డ కేసు, మామా.” మన వైపు ఈ మాట అందరి నోటా వస్తుంది. ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌లోని మానసిక వైద్యశాల. ఆ పేరు ఎత్తితే ఇక మనిషి గురించి అడగాల్సింది ఏమీ లేదన్నట్టే. కెఫ్కా విషయంలో మాత్రం అడగాల్సింది చాలా ఉంది.

1994లో జపాన్‌లో విడుదలైన ఆ ఆట కథ అంతకు వెయ్యేళ్ల వెనక మొదలవుతుంది. మంత్రశక్తి కోసం జరిగిన మహాయుద్ధం అప్పట్లో లోకాన్ని బుగ్గి చేసింది. ఆ తర్వాత మంత్రవిద్య అంతరించి ఆవిరి యంత్రాలు వచ్చాయి. గెస్టాల్ అనే చక్రవర్తికి పాత శక్తి మళ్లీ కావలసి వచ్చింది. ఎస్పర్లు అనే మాయాజీవుల లోకం మీద పడి వాళ్లను చెరపట్టి తెచ్చాడు. సిడ్ అనే శాస్త్రవేత్త వాళ్ల శక్తిని పిండి మనుషులకు ఎక్కించే పద్ధతి కనిపెట్టాడు. అలా తయారుచేసిన మొదటి యోధుడు కెఫ్కా. పద్ధతి అప్పటికింకా కుదురుకోలేదు. శక్తి వచ్చింది, మనసు విరిగింది. ఈ సంగతి చెప్పేది రాజధాని వెక్టర్‌లో ఉండే ఒక ముసలివాడు, అదీ రెండు మూడు వాక్యాల్లో. పలకరించకుండా పక్కనుంచి పోతే అది మన చెవిన పడదు.

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పెరిగినవాళ్లకు మంత్రానికీ మతిచలనానికీ ముడిపెట్టడం కొత్త కాదు. ఒకరి ప్రవర్తన మారితే బాణామతి అన్నారు, ఎవరో చేయించారన్నారు. ఆ అనుమానంతో అమాయకులను కొట్టిన రోజులూ ఉన్నాయి. మన దగ్గర ఆ ‘చేసినవాడు’ ఊహలోనే ఉంటాడు. ఆటలో మాత్రం నిజంగానే ఉన్నాడు, అతనికి పేరూ జీతమూ ప్రయోగశాలా ఉన్నాయి.

అంతమాత్రాన కెఫ్కా నిర్దోషి అయిపోడు. సెలిస్ అనే సేనానికీ చిన్నతనంలోనే అదే శక్తిని ఎక్కించారు. ఆమె మనసు చెదరలేదు. తప్పులన్నీ మొదటివాడి మీద బయటపడ్డాయి గనుక ఆమె బతికిపోయిందని నా అనుమానం. పుట్టుకతోనే మంత్రశక్తి ఉన్న టెర్రా అనే అమ్మాయి తలకు కెఫ్కా ఒక కిరీటం తొడిగాడు. అది పెట్టుకున్నవాళ్లకు సొంత ఇష్టం ఉండదు. ఆమె మూడు నిమిషాల్లోపే యాభై మంది సైనికులను కాల్చేసిందని ఆట మొదట్లోనే వింటాం.

అన్నిటికన్నా చక్రవర్తి సేన చేసిన డోమా కోట ముట్టడి దగ్గర ఆగాలి. కోట నీళ్లలో విషం కలపాలన్నది కెఫ్కా ఆలోచన. సేనాపతి లియో అందుకు ఒప్పుకోడు. చక్రవర్తి పిలుపు మీద లియో అటు వెళ్లాడో లేదో, ఇటు నదిలో విషం పడింది. కోటలో పిల్లలతో సహా కుప్పకూలారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన తరాలను చూసిన నల్లగొండవాళ్లం, ఆ సన్నివేశాన్ని ఆటగా చూసి దాటిపోవడం కష్టం. మన నీళ్లలోది నేల ఇచ్చిన విషం, అక్కడిది చేత్తో పోసింది. పోసినవాడు అడ్డు తొలిగేదాకా ఓపిక పట్టాడు. అలా వేచి ఉండగలిగినవాడి బుద్ధి పూర్తిగా చెదిరిందని నేను ఒప్పుకోను.

బయటికి మాత్రం విదూషకుడి వేషం. ఎడారిలో నిలబడి బూట్లకు ఇసుక అంటిందని భటుల మీద విరుచుకుపడతాడు. మాటలన్నీ అక్షరాల్లోనే కనిపించే ఆ ఆటలో అతని నవ్వు మాత్రం చెవికి వినిపిస్తుంది. చక్రవర్తి అతన్ని కొలువులోంచి తీసేయలేదు సరికదా పనికొచ్చినన్నాళ్లు వాడుకున్నాడు. చివరికి గాలిలో తేలే ఖండం మీద అదే కెఫ్కా చేతిలో చచ్చాడు. మంత్రానికి మూలమైన మూడు విగ్రహాలను కెఫ్కా స్థానం తప్పించగానే భూమి చీలి లోకం రూపే మారిపోయింది.

మేనల్లుడు ఇప్పుడు సరిగ్గా అక్కడున్నాడు. ముసలివాడి సంగతి చెబితే, “నాకు కనిపించలేదే మామా, వెనక్కి వెళ్లి వింటాను” అన్నాడు. వెళ్లలేడు. వెక్టర్ ఉన్నచోట ఇప్పుడు కెఫ్కా గోపురం లేచింది. ఆ మాట వినాలంటే ఆట మళ్లీ మొదటినుంచి ఆడాలి.