పెట్రోల్ ధర పెంచితే చౌరస్తా ఖాళీ అవుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండ, వరంగల్, కాజీపేట రోడ్ల రద్దీ మీద పనిచేసే ట్రాఫిక్ ఇంజనీరుగా నేను తరచుగా వినే సలహా ఒకటుంది: పెట్రోల్ ధర పెంచితే జనం బండ్లు బయటికి తీయరని.

అపోహ: ధర ఎంత పెరిగితే బండ్లు అంత తగ్గుతాయి.

వాస్తవం: తగ్గుతాయి గానీ స్వల్పంగానే. అనేక అధ్యయనాలను క్రోడీకరించిన బ్రిటన్ పరిశోధకుల అంచనా ప్రకారం, ఇంధన ధర 10 శాతం పెరిగి అక్కడే నిలిస్తే, ట్రాఫిక్ ఏడాదిలో సుమారు 1 శాతం, కొన్నేళ్లకు 3 శాతం తగ్గుతుంది. ఇంధన వాడకం అంతకు రెట్టింపు తగ్గుతుంది, ఎందుకంటే ప్రయాణం మానుకోవడం కన్నా మైలేజీ ఇచ్చే బండికి మారడం తేలిక. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ సుమారు 10 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బైకు మీద వెళ్లేవారికి, లీటరుపై 10 రూపాయలు పెంచినా, అదనంగా పడేది 2 రూపాయలే. దాని కోసం ఆఫీసు మానేవారెవరు?

అపోహ: రద్దీ అంటే బండ్లు ఎక్కువ కావడమే.

వాస్తవం: హనుమకొండ చౌరస్తాలో కాసేపు నిలబడి చూడండి. ఎడమ మలుపులో రెండు షేర్ ఆటోలు ఆగితే, వెనుక వచ్చే బస్సు కుడికి జరుగుతుంది, దాని వెనుక బైకులన్నీ సందు వెతుక్కుంటాయి, ఇంతలో సిగ్నల్ పడుతుంది. రోడ్డు వెడల్పు ఉన్నా వాడుకకు మిగిలేది సగమే. ఇంధనం ఖరీదైతే సీట్లన్నీ నిండేదాకా కదలకూడదని ఆటో డ్రైవర్ అనుకోవడం సహజం కాబట్టి, ఆ మలుపు ఇంకాసేపు మూసుకుపోవచ్చు. ఈ సంగతి ధరల గురించి వాదించేవారు పట్టించుకోరు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో వచ్చే లారీలు కూడా డీజిల్ ధర చూసి ఆగిపోవు.

అపోహ: అయితే డబ్బుతో రద్దీని అదుపు చేయలేం.

వాస్తవం: చేయగలం, రుసుము చోటును, వేళను బట్టి ఉంటే. సింగపూర్ 1975లోనే నగర కేంద్రంలోకి వచ్చే కార్లకు రుసుము పెట్టింది; స్టాక్‌హోమ్ 2006లో ప్రయోగాత్మకంగా, 2007 నుంచి శాశ్వతంగా వసూలు చేస్తూ, నగర కేంద్రం సరిహద్దు దాటే ట్రాఫిక్‌ను సుమారు 20 శాతం తగ్గించుకుంది. పెట్రోల్ ధరకు ఆ విచక్షణ లేదు: ఖాళీ పల్లె రోడ్డు మీద బండికీ, ఉదయం చౌరస్తాలో చిక్కుకున్న కారుకూ లీటరు ఒకటే. మన ఊరికి అంత యంత్రాంగం ఇప్పుడే అక్కర్లేదు. దుకాణాల ముందు రోడ్డు మీద ఉచితంగా నిలిపే కార్లకు గంటల లెక్కన రుసుము పెడితే చాలావరకు అదే పని జరుగుతుంది.

అపోహ: బస్సు ఉచితమైతే చాలు.

వాస్తవం: 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, బస్సులు కిక్కిరిశాయి కూడా. కానీ బస్సూ అదే ఇరుకులో ఆగినంత కాలం, తొందరున్న వాళ్లు బైకు దిగరు. అందుకే నేను ముందుగా అడిగేది ఆటోలకు మలుపుకు దూరంగా ఒక నిలుపు చోటు, ఆ తర్వాత పార్కింగ్ రుసుము. పెట్రోల్ ధర నా జాబితాలో లేదు.