హెయిర్ కట్ చెడిపోయిన రోజే మళ్ళీ కత్తెర పట్టించకండి: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక శనివారం, మా పార్లర్ షట్టర్ సగం దించిన వేళకి ఒక తల్లీ కూతురూ వచ్చారు. పిల్ల ఇంటర్ రెండో ఏడు. స్కూటీ మీద వస్తూ తలకి చుట్టుకున్న చున్నీ లోపలికొచ్చాక కూడా విప్పలేదు. వాళ్ళమ్మే చెప్పుకొచ్చింది. "మధ్యాహ్నం స్టెప్ కట్ చేయించామండీ. ఒక పక్క పొట్టి, ఒక పక్క పొడుగు చేసి పెట్టారు. ఇంకోచోటికి తీసుకెళ్తే సమానం చేస్తామని ఇంకో రెండంగుళాలు తీసేశారు. స్మూతెనింగ్ చేయిస్తే అణిగిపోతుందంట కదా, ఇవాళే చేసెయ్యండి. డబ్బులెంతైనా పర్లేదు."

నేను చేయనన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. ఆ పిల్ల మాత్రం మెల్లగా, "సోమవారం కాలేజీకి ఎట్టా వెళ్ళను ఆంటీ?" అంది.

గుంటూరు బ్రాడీపేటలో పార్లర్ పెట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఇదే మాట, ఇదే ఏడుపు, ఇదే తొందర నెలకి నాలుగైదుసార్లు చూస్తాను. పెళ్ళిళ్ళ ముహూర్తాలప్పుడు ఇంకా ఎక్కువ. వచ్చిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పేది ఒక్కచోట రాస్తే ఇంకొందరికి పనికొస్తుందని రాస్తున్నాను.

అపోహ: కట్ చెడితే అదే రోజు సరిచేయించుకోవాలి

జనం ఎక్కువగా నష్టపోతున్నది ఈ ఒక్క నమ్మకం వల్లే. అందుకే దీని మీదే ఎక్కువ రాస్తాను.

కట్ అయిన గంటకి అద్దంలో మీకు కనపడేది అసలు కట్ కాదు, డ్రయ్యరూ ఐరనూ కలిసి పెట్టిన ఆకారం. వెంట్రుక తడిసినప్పుడు సాగుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. ఉంగరాల జుట్టయితే తడి మీద భుజం దాటినది ఆరేసరికి మెడ మీదికి వెళ్ళిపోతుంది. డ్రయ్యర్ వేడికి వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలు కొత్త ఆకారంలో కుదురుకుంటాయి. నీళ్ళు తగలగానే అవి విడిపోయి జుట్టు తన సహజమైన తీరుకి వచ్చేస్తుంది. కాబట్టి రెండు తలస్నానాలయ్యేదాకా ఆ కట్ బాగుందో లేదో నేను కూడా చెప్పలేను. నుదుటి దగ్గర సుడి ఉన్నవాళ్ళ ఫ్లిక్స్ (ముందు వైపు పొట్టి పాయలు) సంగతీ అంతే. మొదటి వారం లేచి నిలబడతాయి. కాస్త పొడుగై బరువొచ్చాక పడుకుంటాయి. జుట్టుని పల్చన చేసే థిన్నింగ్ కత్తెర ఎక్కువ వేయడం వల్ల పైకి లేచే పొట్టి వెంట్రుకలు అణగడానికైతే రెండు మూడు నెలలు పడుతుంది. దానికి ఇంకో కత్తెర మందు కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. తల మీద వెంట్రుక నెలకి సుమారు 1 నుంచి 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఏడాదికి 12 నుంచి 15. రెండు వేళ్ళ మందం పోయిందంటే దాదాపు మూడు నెలల పెరుగుదల పోయినట్టు. "సమానం చేస్తాను" అని ఎవరన్నా అన్నారంటే, ఉన్నవాటిల్లో అన్నిటికంటే పొట్టిగా ఉన్న పాయ దగ్గరికి మిగతా జుట్టునంతా దించుతారని అర్థం. పొట్టి పాయని పొడుగు చేసే కత్తెర ఎవరి దగ్గరా లేదు. ఆ శనివారం ఆ పిల్లకి మొదటి పార్లర్‌లో జరిగిన నష్టం మూడు నెలలది. రెండో పార్లర్‌లో అది ఎనిమిది నెలలయింది.

ఈ పొరపాటు నేనూ చేశాను. కొత్తగా పార్లర్ పెట్టిన రోజుల్లో ఒక బ్యాంకు ఉద్యోగిని ఏడుస్తూ వచ్చింది. పాపం అనిపించి వెంటనే కూర్చోబెట్టాను. ఎడమ పక్క కొంచెం తీశాను, కుడి పక్క పొడుగనిపించింది. అటు తీస్తే మళ్ళీ ఇటు. చూస్తుండగానే చెవుల దాకా వచ్చింది. ఆవిడ ఒక్క మాట అనకుండా డబ్బులిచ్చి వెళ్ళిపోయింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటినుంచి ఏడుస్తూ వచ్చినవాళ్ళ జుట్టుకి ఆ రోజు కత్తెర పెట్టను. మంచినీళ్ళిచ్చి, పాపిడి మార్చి, పిన్నులు పెట్టి, పది రోజులాగి తలకి నూనె లేకుండా రమ్మంటాను.

అదే పార్లర్‌కి తిరిగి వెళ్ళడానికి మొహమాటపడొద్దు. కాకపోతే పది రోజుల తర్వాత వెళ్ళండి. ఏం నచ్చలేదో చేత్తో పట్టుకుని చూపించండి. నిజాయితీగా పనిచేసేవాళ్ళెవరైనా డబ్బు తీసుకోకుండా సర్దుతారు.

అపోహ: స్మూతెనింగో కెరాటినో చేయిస్తే చెడ్డ కట్ కనపడదు

ఇంకా బాగా కనపడుతుంది. ఉంగరాల్లో, అలల్లో రెండు సెంటీమీటర్ల తేడా కలిసిపోతుంది. దాన్ని తాడులా సాపు చేస్తే ప్రతి మెట్టూ గీత గీసినట్టు బయటపడుతుంది. సాపు చేసినప్పుడు పొడుగు పెరిగినట్టు అనిపించే మాట నిజమే, ఆశ పెట్టేది కూడా అదే. కానీ మూడు నెలలకి కుదుళ్ళ నుంచి మీ సొంత ఉంగరాల జుట్టు వస్తుంది. పైన ఉంగరాలు, కింద సాపు. అప్పుడు టచప్ అంటారు. అది మళ్ళీ మళ్ళీ చేయించుకుంటూ పోవాల్సిందే.

లోపల జరిగేది కూడా తెలుసుకోండి. స్మూతెనింగ్‌కి వాడే స్ట్రెయిటెనింగ్ క్రీములో సాధారణంగా ఉండే థయోగ్లైకోలేట్ అనే రసాయనం వెంట్రుకకి బలమిచ్చే డైసల్ఫైడ్ బంధాలను తెంచుతుంది. ఐరన్‌తో సాపు చేశాక రాసే న్యూట్రలైజర్ క్రీము వాటిని మళ్ళీ కలుపుతుంది. తెగినవన్నీ తిరిగి కలవవు. ఆరోగ్యంగా ఉన్న జుట్టు ఒకసారికి తట్టుకుంటుంది. అప్పటికే కలర్ పడిన జుట్టు, పాత స్ట్రెయిటెనింగ్ ఉన్న జుట్టు తట్టుకోదు. తెనాలి నుంచి ఒక పెళ్ళికూతురు ముహూర్తానికి ఇరవై రోజుల ముందు నా దగ్గరికొచ్చింది. కట్ చెడిందని స్మూతెనింగ్, అది సరిగా రాలేదని వారానికే ఇంకోచోట కెరాటిన్. దువ్వెన పెడితే చెవి ఎత్తు దగ్గర పుటుక్కున తెగి వస్తోంది. పెళ్ళిలో మొత్తం సవరంతోనే జడ వేశాను. పూలజడ కింద ఎవరికీ తెలియలేదు, కానీ ఆ అమ్మాయికి తెలుసు కదా.

జుట్టుని సాపు చేయడానికి కెరాటిన్ పేరుతో అమ్మే క్రీముల్లో కొన్నింటి నుంచి వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. కళ్ళు మండడం అందుకే. గ్లయాక్సిలిక్ యాసిడ్ ఉన్న స్ట్రెయిటెనింగ్ క్రీములు వాడాక కిడ్నీలు దెబ్బతిన్న కేసులు 2024లో వైద్య పత్రికల్లో కూడా వచ్చాయి. చేయించుకునే హక్కు మీది. డబ్బా వెనక ఏముందో అడిగి, కంగారు తగ్గాక ఆలోచించి చేయించుకోండి. ఏడుస్తూ మాత్రం వద్దు.

అపోహ: గుండు కొట్టిస్తే, తరచూ ట్రిమ్ చేయిస్తే ఒత్తుగా, త్వరగా వస్తుంది

చెడిన కట్‌కి పెద్దవాళ్ళు చెప్పే మొదటి సలహా ఇదే: "గుండు చేయించెయ్, నల్లగా ఒత్తుగా వస్తుంది." ఇంద్రకీలాద్రి మీదో తిరుమలలోనో మొక్కు ఉంటే తలనీలాలు భక్తితో ఇవ్వండి. మా పాపకి పుట్టువెంట్రుకలు నేనూ తీయించాను. ఒత్తు కోసం మాత్రం ఇవ్వొద్దు. చర్మం పైన కనపడే వెంట్రుకలో ప్రాణం లేదు. పైన కత్తెర పడిన సంగతి కింద ఉన్న కుదురుకి తెలిసే దారే లేదు. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1928లోనే పరీక్షించి చూశారు. గడ్డం గీసినందువల్ల వెంట్రుక లావూ మారలేదు, పెరిగే వేగమూ మారలేదు. గుండు తర్వాత ఒత్తుగా అనిపించడానికి కారణం వేరే ఉంది. సహజంగా వెంట్రుక కొస సన్నగా ఉంటుంది. గీసినప్పుడు అది పోయి మొద్దుగా మిగులుతుంది, అన్నీ ఒకే ఎత్తులో లేస్తాయి, చేతికి గరుగ్గా తగులుతాయి. చిన్నపిల్లలకైతే వయసుతో పాటు జుట్టు దానంతటదే మందమవుతుంది, ఆ పేరు గుండుకి పోతుంది.

ట్రిమ్మింగ్‌కీ ఇదే మాట. చిట్లిన కొసలు తీస్తే ఆ చిట్లు పైకి పాకవు, అంతవరకే దాని ఉపయోగం. రెండు నెలలకోసారి అంగుళం తీయించుకుంటూ "జుట్టు పెరగట్లేదండీ" అనేవాళ్ళున్నారు. రెండు నెలల్లో పెరిగేదే అంగుళం! పొడుగు కావాలనుకునేవాళ్ళు మూడు నాలుగు నెలలకి అర అంగుళం మించి ఇవ్వొద్దు.

అపోహ: ఆ కటింగ్ తర్వాతే జుట్టు ఊడటం మొదలైంది

కత్తెరకి కుదుళ్ళతో సంబంధం లేదని పైనే చెప్పాను. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. అంతకంటే ఎక్కువ గుప్పెళ్ళకొద్దీ వస్తుంటే కటింగ్ రోజు కాదు, దానికి రెండు మూడు నెలల ముందు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. డెంగ్యూనో టైఫాయిడో, కాన్పో, ఆపరేషనో, కడుపు మాడ్చుకుని బరువు తగ్గడమో ఉంటుంది. శరీరానికి అంత దెబ్బ తగిలినప్పుడు చాలా వెంట్రుకలు ఒక్కసారి విశ్రాంతి దశలోకి వెళ్ళి, మూడు నెలల తర్వాత కలిసి రాలతాయి. కారణం పోతే చాలావరకూ తిరిగొస్తాయి. పాపిడి వెడల్పవుతుంటే, పీరియడ్స్ తేడాగా ఉంటే, నీరసంగా ఉంటే నా దగ్గరికి కాదు, చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. రక్తంలో ఇనుము, థైరాయిడ్ చూస్తారు.

కట్ చేసేటప్పుడు రూపాయి బిళ్ళంత నున్నటి మచ్చ కనపడితే అది మెషీన్ వల్ల వచ్చింది కాదు, పేను కొరికిందీ కాదు. పేరుకే పేనుకొరుకుడు. మన రోగనిరోధక శక్తే పొరపాటున కుదుళ్ళ మీద పడటం వల్ల వస్తుంది. దానికీ డాక్టరే. పొలుసులూ దురదా ఉంటే మాత్రం తామర కావచ్చు. అది శుభ్రం చేయని మెషీన్ల వల్ల, దువ్వెనల వల్ల అంటుకుంటుంది. కొత్త బ్లేడు వేయమని, దువ్వెన కడగమని అడగడానికి సిగ్గుపడకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బోరు నీళ్ళకి జుట్టు బిరుసెక్కుతుంది, బట్టతల రాదు. ఆఖరి చెంబు మంచినీళ్ళతో పోసుకోండి, చాలు. మంగళవారం కత్తిరించకపోవడం ఇంటి ఆచారం, వెంట్రుకకి వారాలు తెలియవు. ఉల్లిరసం పెట్టి మాడు మండించుకుని వచ్చినవాళ్ళని చూశాను, దయచేసి మానండి. కొబ్బరినూనెతో జుట్టు పెరగదు గానీ, తలస్నానానికి ముందు రాస్తే వెంట్రుకలోంచి ప్రొటీన్ పోవడం తగ్గుతుందని 2003లో వచ్చిన అధ్యయనంలో తేలింది. మన అమ్మమ్మల పద్ధతి ఆ మేరకి సరైందే. బయోటిన్ మాత్రలు లోపం లేనివాళ్ళకి పెద్దగా ఒరగబెట్టేదేమీ లేదు. పైగా అవి థైరాయిడ్ లాంటి రక్త పరీక్షల్ని తప్పుగా చూపించగలవు. గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. వేసుకుంటుంటే రక్తం ఇచ్చే ముందు డాక్టరుకి చెప్పండి.

ఈలోగా ఏం చేయాలి?

పాపిడి పక్కకి మార్చండి. సగం తేడా అక్కడే కలిసిపోతుంది. ముందు పాయల్ని మెలిపెట్టి పిన్ను పెట్టండి. లాగి బిగించి పోనీ వేయొద్దు, రోజూ లాగితే నుదుటి దగ్గర కుదుళ్ళే పోతాయి. శుభకార్యం ఉంటే సవరం ఉంది, క్లిప్‌తో పెట్టుకునే ఎక్స్‌టెన్షన్లున్నాయి. ఇంటికి రాగానే తీసేయండి. తడి జుట్టుని సన్నపళ్ళ దువ్వెనతో దువ్వొద్దు. స్కూటీ మీద వెళ్తుంటే వదులుగా జడ వేసి చున్నీ కట్టుకోండి. జుట్టు సాపు చేసే ఐరన్‌ని ఈ కొన్ని నెలలూ బీరువాలో పెట్టేయండి.

ఇంట్లోవాళ్ళకి ఒక మాట. "జుట్టే కదా, పెరుగుతుందిలే" అని నవ్వకండి. పదహారేళ్ళ పిల్ల అద్దం చూడటం మానేసిందంటే అది చిన్న విషయం కాదు. నాలుగు రోజులు దిగులుగా ఉంటుంది, ఉండనివ్వండి. వారాలు గడిచినా తిండి మానేసి, కాలేజీ మానేసి గదిలోనే ఉంటే మాత్రం అది జుట్టుకి సంబంధించింది కాదు. మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి.

ఈసారి కుర్చీలో కూర్చున్నప్పుడు "కొంచెం తీయండి" అనొద్దు. మీ కొంచెం వేరు, మా కొంచెం వేరు. ఎన్ని వేళ్ళో చూపించండి. ఉంగరాల జుట్టయితే ఆరాక ఎంత పైకి వెళ్తుందో ముందే అడగండి. ఫోటో చూపిస్తే మీలాంటి జుట్టున్నవాళ్ళ ఫోటో చూపించండి.

ఆ ఇంటర్ పిల్ల పదకొండో రోజున వచ్చింది. రెండు పక్కలకీ తేడా రెండు సెంటీమీటర్లు కూడా లేదు. ముందు వైపు అర అంగుళం సర్ది, పక్క పాపిడి తీసి రెండు జడలు వేశాను. ఏమైనా పనికొస్తుందేమోనని వాళ్ళమ్మ సంచిలో అమ్మమ్మ సవరం తెచ్చింది, దాంతో పని పడలేదు. మెడ దగ్గర నుంచి జడ కొస దాకా టేపుతో కొలిచి ఒక కార్డు మీద తేదీతో రాసిచ్చాను. మూడు నెలల తర్వాత ఆ కార్డు తీసుకుని రమ్మన్నాను.