విద్యార్థులను ఏ ఊరి లెక్కలో రాయాలి?

2020 జనాభా లెక్కలు తేలాక అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి, జనాభాను బట్టి రాష్ట్రాలకు సీట్లు పంచే ప్రతినిధుల సభలో ఒక సీటు తగ్గింది. మిగతా రాష్ట్రాల అంకెలు అలాగే ఉండి, అక్కడ ఇంకో 89 మంది లెక్కలోకి వచ్చి ఉంటే ఆ సీటు నిలిచేది. ఒక కాలేజీ హాస్టల్లో రెండు అంతస్తులు నింపితే అంతమంది ఉంటారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో, సరిగ్గా లెక్కల వేళకు, కోవిడ్ వల్ల హాస్టళ్లు దాదాపు ఖాళీ అయిపోయాయి. సీటు విద్యార్థుల వల్లే పోయిందని అనడం లేదు, అలా తేల్చడం ఎవరి వల్లా కాదు. కానీ చదువు కోసం ఇల్లు వదిలినవాళ్లను ఏ ఊరివాళ్లుగా రాయాలన్న ప్రశ్నను చిన్నదిగా తీసిపారేయడానికి లేదు. దీని వెనుక రెండు శతాబ్దాల పైబడిన చరిత్ర ఉంది.

అమెరికా మొదటి జనాభా లెక్కలు 1790లో జరిగాయి. మనిషిని అతను మామూలుగా నివసించే చోటే రాయాలన్న సూత్రం ఆనాటి చట్టంలోనే ఉంది. అప్పుడు దేశ జనాభా 39 లక్షల పైచిలుకు. కాలేజీ చదువు అతికొద్ది మందికే దక్కేది కాబట్టి విద్యార్థుల సంగతి పెద్దగా చర్చకు రాలేదు. 1850లో మాత్రం సిబ్బందికి విడిగా సూచన ఇచ్చారు: ఇంటికి దూరంగా చదువుకుంటున్నవాళ్లను వాళ్లు బస చేసే ఇంటివాళ్లతో కలిపి రాయండి అని. తర్వాత ఈ పద్ధతి పోయింది. 1940 నాటికి విద్యార్థి ఎక్కడ చదువుతున్నా తల్లిదండ్రుల ఇంటి లెక్కలోనే ఉండేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిస్థితి మారింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వమే భరించేలా 1944లో చట్టం చేశారు. 1947లో కాలేజీల్లో చేరినవాళ్లలో సగానికి సగం మంది మాజీ సైనికులే. పెళ్లయి, పిల్లలున్నవాళ్లు కూడా క్యాంపస్‌లకు వచ్చి కాపురాలు పెట్టారు. అలాంటివాళ్లను ఎక్కడో ఉన్న అమ్మానాన్నల ఇంట్లో మనుషులుగా రాయడంలో అర్థం ఉందా? 1950 లెక్కల్లో, వాటిని నిర్వహించే ప్రభుత్వ సంస్థ సెన్సస్ బ్యూరో నిబంధన మార్చింది. చదువుకునే రోజుల్లో ఎక్కడ ఉంటే అక్కడే విద్యార్థి పేరు రాయాలని నిర్ణయించింది. వ్యక్తుల వివరాలను 72 ఏళ్లు గోప్యంగా ఉంచుతారు కాబట్టి ఆ పత్రాలు 2022 ఏప్రిల్ 1న గానీ జనం చేతికి రాలేదు. అప్పటి విద్యార్థుల పేర్లు కాలేజీ ఊళ్ల పుటల్లో ఇప్పుడు ఎవరైనా చూసుకోవచ్చు.

నా దృష్టిలో ఆ నిర్ణయం న్యాయమైనదే. విద్యార్థి తాగే నీళ్లు, తిరిగే రోడ్డు, ఎక్కే బస్సు, జబ్బు చేస్తే వెళ్లే ఆస్పత్రి అన్నీ కాలేజీ ఉన్న ఊరివే. ఆ భారం మోసే ఊరికే ఆ మనిషి లెక్క కూడా దక్కాలి. 2021 ఆర్థిక సంవత్సరంలో 353 ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పథకాల కింద 2.8 లక్షల కోట్ల డాలర్లకు పైగా సొమ్ము పంచడానికి సెన్సస్ బ్యూరో అంకెలే ఆధారమయ్యాయి.

అయినా అందరూ ఒప్పుకోలేదు. తమ పిల్లల్ని వేరే ఊళ్ల లెక్కలో వేశారని పెన్సిల్వేనియాలోని కొన్ని స్థానిక సంస్థలు కోర్టుకెక్కాయి. 1971లో ఫెడరల్ అప్పీలు కోర్టు బ్యూరో పద్ధతినే సమర్థించింది. కాన్సస్ రాష్ట్రం ఇంకో దారి పట్టింది. బ్యూరో లెక్కలు వచ్చాక రాష్ట్ర శాసనసభ నియోజకవర్గాల కోసం వాటిని మళ్లీ సవరించేది. విద్యార్థులనూ సైనికులనూ వాకబు చేసి, సొంత ఊరు వేరని చెప్పినవాళ్లను అక్కడికి మార్చేది, రాష్ట్రం బయటివాళ్లయితే తీసేసేది. దాంతో యూనివర్సిటీ ఉన్న లారెన్స్, మాన్‌హాటన్ లాంటి ఊళ్ల బలం కాగితం మీద తగ్గేది. 2019 నవంబర్‌లో ఓటర్లే ఆ నిబంధనను రద్దు చేశారు.

ఓటు హక్కు విషయంలోనూ ఇదే పెనుగులాట నడిచింది. 1971లో ఓటు వయసు 18కి దిగింది. టెక్సాస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా చదివే ప్రెయిరీ వ్యూ యూనివర్సిటీ పిల్లలను స్థానికులుగా నమోదు చేయడానికి అక్కడి అధికారి అడ్డుపడ్డాడు. వాళ్ల పక్షాన వచ్చిన తీర్పును 1979లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

నిబంధన ఒకటి, అమలు మరొకటి. హాస్టల్లో ఉండేవాళ్లతో పెద్ద ఇబ్బంది లేదు, కాలేజీ రికార్డుల నుంచే వివరాలు తీసుకోవచ్చు. చిక్కంతా బయట అద్దెకుండేవాళ్లతోనే. నలుగురు కలిసి ఒక అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఆ నలుగురికీ కలిపి ఒకటే ఫారం. అద్దె కట్టేవాళ్లలో ఒకరి పేరు ముందు రాసి, మిగతావాళ్ల పేర్లు, వయసులు కింద నింపాలి. రూమ్మేటు నింపే ఉంటాడులే అని నలుగురూ అనుకుంటే ఇల్లు మొత్తం జారిపోతుంది. అక్కడ ఊళ్లో తల్లి తన ఫారంలో కొడుకు పేరూ రాసేస్తే ఒకే మనిషి రెండుసార్లు పడతాడు. అందుకే 2020 ఫారంలో ఈ వ్యక్తి మామూలుగా వేరేచోట ఉంటున్నారా అని అడిగి, కాలేజీ కోసం అని టిక్కు పెట్టేందుకు ఒక గడి ఇచ్చారు.

విదేశాల నుంచి వచ్చి చదువుతున్నవాళ్లూ ఈ లెక్కలోకి వస్తారు. వీసా మీద ఉన్నాం, మాకెందుకు అనుకోవడానికి లేదు. పౌరసత్వ ప్రశ్న చేర్చాలన్న ప్రయత్నాన్ని 2019 జూన్‌లో సుప్రీంకోర్టు అడ్డుకుంది. కానీ దాని చుట్టూ రేగిన భయం అంత త్వరగా పోలేదు. 2020 లెక్కలకు బ్యూరో 59 భాషల్లో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిలో తెలుగూ ఉంది. ఇంత ఏర్పాటు ఉన్నా మనవాళ్లు ఫారం పక్కన పెట్టేస్తే నష్టపోయేది వాళ్లుంటున్న ఊరే.

అలాంటి ఏడాదిలోనే కోవిడ్ విరుచుకుపడింది. లెక్కల తేదీ ఏప్రిల్ 1. మార్చి మధ్యకల్లా కాలేజీలు మూతపడి పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. కోవిడ్ రాకపోతే ఎక్కడ ఉండేవాళ్లో అక్కడే రాయాలని బ్యూరో వెంటనే ప్రకటించింది. అయితే ఖాళీ చేసిన అద్దె గది తలుపు తట్టితే జవాబిచ్చేదెవరు? బయట ఉంటున్న విద్యార్థుల జాబితాలు ఇమ్మని బ్యూరో కాలేజీలను అడిగితే కొన్ని ఇవ్వలేదు. విద్యార్థుల వివరాల గోప్యతా చట్టం అడ్డొస్తుందని వెనకాడాయి. లెక్కలు ఎంత సరిగ్గా వచ్చాయో చూడడానికి తర్వాత బ్యూరో చేసిన సర్వేలో 18 నుంచి 29 ఏళ్ల మగవాళ్లు 2.25 శాతం మేర తక్కువగా నమోదైనట్టు తేలింది. అది హాస్టళ్లను వదిలేసి, మామూలు ఇళ్లకు మాత్రమే చేసిన సర్వే.

బోస్టన్ లాంటి నగరాలు అభ్యంతరం చెప్పాయి. హాస్టళ్లు, జైళ్లు, వృద్ధాశ్రమాల లెక్కలు సరిదిద్దుకోవడానికి బ్యూరో 2022 జూన్ నుంచి ఏడాదిపాటు అవకాశం ఇచ్చింది. ఆ సవరణలు ఏటా వేసే జనాభా అంచనాల్లోకి వెళ్తాయి కాబట్టి నిధుల విషయంలో కొంత ఊరట. ప్రతినిధుల సభ సీట్లు మాత్రం మారవు. పైగా ఆ అవకాశం అద్దె ఇళ్లకు వర్తించలేదు. ఎక్కువమంది జారిపోయింది అక్కడేనని నా నమ్మకం. ఆ గదుల్లో లెక్కకు రానివాళ్ల కోసం ఇప్పుడు చేయగలిగిందేమీ లేదు. అక్కడ కొత్తగా చేరినవాళ్లను లెక్క వేసేది 2030 ఏప్రిల్‌లోనే.