గచ్చు కింద డ్రిప్పు

నల్గొండలో మా వీధి చివర ఒక కొత్త ఇల్లు లేస్తోంది. పునాది గోడల మధ్య మొరం నింపి, నీళ్లు పట్టి, దిమ్మిసతో కొట్టారు. దాని మీద ఇసుక పరిచి సన్నటి నల్ల పైపులు వరసలుగా వేస్తుంటే ఎదురింటి పెద్దాయన పాలగిన్నెతో నిలబడి చూస్తున్నారు. ఆయనకు ఊళ్లో బత్తాయి తోట ఉంది. "ఏం మేస్త్రీ, గచ్చు కింద తోట పెడుతున్నావా?" అన్నారు. మేస్త్రీ నవ్వి, "చెదలకు మందు పెట్టే పైపులు పెద్దయ్యా" అన్నాడు.

పెద్దాయన వెటకారానికి అన్నా మాట సరిగ్గానే తగిలింది. ఆ పైపులకూ తోటలోని డ్రిప్పుకూ సూత్రం ఒకటే, చిక్కులూ దాదాపు ఒకటే. అయితే అంత కష్టపడి పైపు ఎందుకు పాతాలో తెలియాలంటే ముందు చెదపురుగు సంగతి చూడాలి.

చెదపురుగును తెల్ల చీమ అనడం పాత పొరపాటు. చీమకు చుట్టం కందిరీగ, చెదకు చుట్టం బొద్దింక. జన్యు పరీక్షలు దీన్ని ఖాయం చేశాక శాస్త్రజ్ఞులు చెదలను బొద్దింకల క్రమంలోనే కలిపేశారు. చీమ ఒంటి మీద గట్టి పెంకు ఉంటుంది కాబట్టి ఎండలో తిరుగుతుంది. చెదల్లో పనిచేసే పురుగుకు ఒళ్లంతా మెత్తన, పొడిగాలి తగిలితే ఎండిపోతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో అది ఆరుబయట ఎంతోసేపు బతకదు. అందుకే మట్టినీ లాలాజలాన్నీ కలిపి గొట్టం కట్టుకుని, దాని లోపలి నుంచే నడుస్తుంది. గోడ మీద మనం చూసే ఎర్రమట్టి చార ఆ గొట్టమే. లోపల చీకటి, నేల నుంచి వచ్చే తేమ. ఆ దారి తెగితే పైన చిక్కిన పురుగులు చాలావరకు ఎండి చస్తాయి, గోడలో ఎక్కడో పైపు కారి తడి దొరికితే తప్ప. స్నానాల గది పక్క తలుపుకే ముందు చెద పట్టడం యాదృచ్ఛికం కాదు.

మన వైపు పుట్టలు పెట్టేవి ఎక్కువగా ఓడోంటోటెర్మిస్ అనే వర్గానివి. కర్రను అరిగించుకోవడానికి వీటికి బూజు సాయం కావాలి. నమిలి తెచ్చినదాన్ని పుట్ట లోపల స్పంజిలాంటి దిబ్బలుగా పేర్చి, దాని మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. వానలకు పుట్ట మీద మొలిచే పుట్టగొడుగు ఆ పంట తలే. ఆ పేరు పెట్టిన వారెవరో గాని కళ్లారా చూసి పెట్టారు. పుట్టకు గాలి ఎలా ఆడుతుందన్నది ఇంకో విడ్డూరం. శాస్త్రజ్ఞుడు ఎల్. మహదేవన్ బృందం బెంగళూరులోని పుట్టలను కొలిచి 2015లో తేల్చింది: పగలు వెలుపలి గోడలు త్వరగా వేడెక్కుతాయి, రాత్రి త్వరగా చల్లబడతాయి, ఆ తేడాకు లోపలి గాలి పగలు ఒక వైపు, రాత్రి దానికి ఎదురు వైపు తిరుగుతుంది. తొలకరి సాయంత్రం వీధి దీపం చుట్టూ మూగే ఉసిళ్లు చెదల్లో రెక్కలొచ్చిన తరం. వేయించుకుని తినేవాళ్లకు అది పండుగే. కానీ తలుపులు వేసి ఉన్న గదిలో కిటికీ కింద రెక్కలు కుప్పగా రాలి కనిపిస్తే, గూడు ఇంటి కిందే ఉందేమోనని అనుమానించాలి.

పాత మిద్దె ఇళ్లలో కర్ర కంభం నేలకు తగలదు, కింద రాతి దిమ్మె ఉంటుంది. రాయి చెదలను ఆపుతుందని అందరూ అనుకుంటారు గాని, నిజానికి అది చేసే పని వేరు. చెద రాతిని తినలేదు, ఎక్కగలదు. ఎక్కాలంటే రాతి మీద అందరికీ కనబడేలా గొట్టం కట్టక తప్పదు. పొద్దున్నే ఊడ్చే చేతికి అది దొరికిపోతుంది. అంటే రాయి కావలివాడు కాదు, చాడీలు చెప్పేవాడు. ఇప్పటి ఇళ్లలో ఆ సాక్ష్యం పోయింది. గచ్చుకూ గోడకూ మధ్య సన్నటి పగులు, టైలు వెనక సందు, కరెంటు తీగల గొట్టం, ఇలా చెద మన కంట పడకుండా పైకి చేరే దారులు బోలెడు. ద్వారబంధాన్ని వేలితో తడితే డొల్ల చప్పుడు వచ్చే దాకా మనకు తెలియదు.

కనిపించని దారికి కనిపించని అడ్డం కావాలి కనుక మట్టికే మందు పట్టిస్తారు. దీనికి మన దేశంలో ఐఎస్ 6313 అనే ప్రమాణం ఉంది. ఇల్లు కట్టేటప్పుడే, గచ్చు వేయకముందు, మొరం మీద చదరపు మీటరుకు 5 లీటర్లు, పునాది గోడ పక్క మట్టికి గోడ చదరపు మీటరుకు 7.5 లీటర్ల మందునీళ్లు పోయాలి. 100 చదరపు మీటర్ల ఇంటికి, అంటే దాదాపు 120 గజాలకు, గచ్చు కిందికే 500 లీటర్లు. 20 శాతం క్లోర్‌పైరిఫాస్ అనే చెదల మందును ఒక శాతానికి పలచన చేస్తే, అందులో డబ్బాలోంచి పోసేది 25 లీటర్లు. చేతి పంపుతో పైపైన చల్లి గంటలో వెళ్లిపోయినవాళ్లు ఎంత పోశారో ఈ లెక్కతో ఇంటి యజమానే పట్టుకోవచ్చు.

సరిగ్గా పోసినా మందు కలకాలం ఉండదు. పూర్వం వాడిన ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ మట్టిలో దశాబ్దాలు నిలిచేవి. ఆ మొండితనం చూసే వాటిని మెచ్చుకున్నారు, ఆ మొండితనం వల్లే 2001లో ఇలాంటి మొండి రసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోం ఒప్పందంలో నిషేధాల జాబితాకు ఎక్కించారు. నేడు వాడే మందులు కొన్నేళ్లకు సత్తువ కోల్పోతాయి. ఇల్లేమో యాభై ఏళ్లు ఉండాలి. రెండోసారి మందు పెట్టాలంటే గోడ వెంట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, ఒక్కో దానిలో లీటరు పోయడం మామూలు పద్ధతి. కొత్త టైళ్లకు ఎవరు రంధ్రాలు వేయనిస్తారు?

గచ్చు కింది పైపు ఈ ప్రశ్నకు జవాబు. పైపు తనంతట తాను ఏ చెదనూ చంపదు. నేల మూసేశాక మళ్లీ తెరవకుండా మందు పంపడానికి వదిలిన దారి అది, అంతే. గచ్చు కింద, ఇంటి చుట్టూ గోడ వెంట వేసిన చిల్లుల పైపులు బయటి గోడకు బిగించిన చిన్న పెట్టె దగ్గరకు చేరతాయి. కొన్నేళ్లకోసారి దానికి పంపు తగిలించి మందు ఎక్కిస్తారు.

ఇక్కడ బత్తాయి రైతు అనుభవం పనికొస్తుంది. పైపు పొడవయ్యే కొద్దీ రాపిడికి ఒత్తిడి తగ్గుతుంది, చివరి చెట్లకు నీరు చాలదు. తోటలో చివరి చెట్టు వాడితే కంటికి తెలుస్తుంది. గచ్చు కింద అలా వాడిపోయి చెప్పేది ఏమీ లేదు. అందుకే ఇంటిని విభాగాలుగా చేసి ఒక్కోదానికి వేరే పైపు, వేరే నోరు పెట్టడం మంచిది. పైపు కొసలను ఉంగరంలా కలిపేస్తే నీరు రెండు వైపుల నుంచీ అందుతుంది. పంపు ఆపగానే పైపు బురదనీటిని లోపలికి పీల్చుకునే ప్రమాదం కూడా రైతుకు తెలిసిందే. చిల్లులకు రక్షణ లేకపోతే అవి పూడిపోతాయి. మందు పంపాక మామూలు నీటితో కడగకపోతే మిగిలింది లోపలే గడ్డకడుతుంది.

నేల మాట మరువకూడదు. డ్రిప్పు చుక్క మట్టిలో ఉల్లిగడ్డ ఆకారంలో విస్తరిస్తుంది. దుబ్బ నేలలో ఆ గడ్డ నిలువుగా, సన్నగా దిగిపోతుంది. నల్లరేగడిలో పక్కలకు పాకుతుంది, కానీ నెమ్మదిగా. రెండు చిల్లుల గడ్డలు ఒకదానికొకటి ఆనకపోతే మధ్యలో మందు తగలని మట్టి మిగులుతుంది, చెదకు ఆ మాత్రం సందు చాలు. పైగా పాలమూరు, నల్గొండ ఇళ్ల కింద ఉండేది సొంత నేల కాదు, ఎక్కడి నుంచో తోలిన మొరం. అది సరిగ్గా కుదురుకోకపోతే గచ్చు కింద ఖాళీ ఏర్పడి, మందు పల్లం చూసుకుని ఒక మూలకు పోతుంది. కాబట్టి కాంక్రీటు వేయకముందే పైపుల్లోకి మామూలు నీళ్లు పంపి, ఇసుక మీద తడి మచ్చలు కలుస్తున్నాయా అని చూడాలి. ఆ పూట యజమాని అక్కడ ఉండడం శంకుస్థాపన ముహూర్తానికి ఉండడం కంటే ముఖ్యమని నా అభిప్రాయం.

మందులన్నీ ఒకేలా పనిచేయవు. బైఫెంత్రిన్ లాంటివి చెదలను తరుముతాయి, తరిమితే అవి సందు వెతుక్కుంటాయి. ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్ ఉన్నట్టు చెదకు తెలియదు. అందులో నడిచిన పురుగు ఒంటికి పూసుకుని, ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకునేటప్పుడు తోటివాటికి పంచుతుంది. పైపుల్లో ఖాళీలు ఉండక తప్పదు కాబట్టి నేను వీటివైపే మొగ్గుతాను. అయితే లీటరు నీటిలో క్లోర్‌పైరిఫాస్ ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి కరగదు, మట్టినే అంటిపెట్టుకుంటుంది. ఇమిడాక్లోప్రిడ్ 600 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, నీటితో పాటు కదలగలదు. ఇంటి ఆవరణలోనే బోరు ఉన్నవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఫ్లోరైడుతో తరాలుగా అవస్థపడిన జిల్లా భూగర్భ జలానికి మరో తలనొప్పి అక్కర్లేదు. అలాగని క్లోర్‌పైరిఫాస్ అమాయకురాలు కాదు. 2025లో దాన్నీ కొన్ని మినహాయింపులతో స్టాక్‌హోం జాబితాలో చేర్చారు.

ఇంత చేసి, మొరంలో సెంట్రింగు కర్రముక్కలు పారేస్తే చెదలకు విందు పెట్టినట్టే. గోడకు ఆనించి పోసిన పూలమొక్కల మట్టి అడ్డాన్ని దాటే వంతెన అవుతుంది. నాలుగేళ్ల తర్వాత కొత్త నల్లా కోసం గచ్చు తవ్వే మనిషికి కింద పైపు ఉందని ఎవరూ చెప్పరు. ఎదురింటి పెద్దాయన అడిగిన రెండో ప్రశ్న కూడా అదే: "పైపు ఎక్కడెక్కడ పోయిందో రాసి పెట్టారా?" మేస్త్రీ ఇంటి యజమాని వైపు చూశాడు. ఆయన ఫోను తీసి, కాంక్రీటు లారీ వచ్చేలోపు మూలమూలకూ టేపు పట్టించి ఫొటోలు తీసుకున్నారు. వాటిని కాగితం మీద గీయించి బీరువాలో పెడతానన్నారు.

"ఇనుప బీరువాలో," అన్నారు పెద్దాయన.