మాస్టర్ ప్లాన్‌లో గీత పడితే రోడ్డు పడినట్టేనా?

నెలకు నలుగురైదుగురు మాస్టర్ ప్లాన్ మ్యాప్ కలర్ జిరాక్స్ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. "సార్, ప్లాన్‌లో నూరడుగుల రోడ్డుంది. రెండేళ్లలో డబుల్ అంటున్నారు, కొనేయమంటారా?"

అపోహ: ప్లాన్‌లో రోడ్డు చూపించారంటే వచ్చేసినట్టే.

మాస్టర్ ప్లాన్ అంటే ఊరు పెరిగేకొద్దీ ఏ జాగా దేనికో ముందే గీసిపెట్టే పటం. అది రోడ్డుకు చోటు మాత్రమే చూపిస్తుంది. భూసేకరణ, నిధులు, టెండర్లు అన్నీ ఆ తర్వాతే, ఎప్పుడన్నది అందులో ఉండదు. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ప్లాన్ 2013లో నోటిఫై అయింది, దాని గడువు 2031. అంటే గీతకూ రోడ్డుకూ మధ్య పద్దెనిమిదేళ్లు పట్టవచ్చు, మధ్యలో రోడ్డు పోయే దారే (అలైన్‌మెంట్) మారిపోవచ్చు.

ఇంకా పెద్ద దెబ్బ ధర దగ్గర. రోడ్డో మెట్రోనో వస్తుందన్న కబురుకే భూమి రేటు ఎక్కడం మొదలవుతుందని నగరాల మీద పరిశోధన చేసేవాళ్లు ఎన్నాళ్లనుంచో చెబుతున్నారు. బ్రోచర్ మీ చేతికొచ్చేసరికి ఆ లాభం ముందు కొన్నవాళ్లు తీసేసుకుని ఉంటారు. రోడ్డు వచ్చాక ఉండాల్సిన రేటు మీరు ఇవాళే కడుతున్నారు. అమరావతి చుట్టుపక్కల 2015లో అప్పు చేసి కొన్నవాళ్లు 2019 తర్వాత ఎంత టెన్షన్ పడ్డారో మన కళ్లతో చూశాం.

పోయినేడు ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. 200 గజాల ప్లాటు, పెన్షన్ డబ్బు. వీధిపోటు, ఈశాన్యం అన్నీ చూపించుకున్నారు, సర్వే నంబరు మాత్రం ప్లాన్ మీద వేయించలేదు. నేను వేసి చూస్తే ఆ నూరడుగుల రోడ్డు ప్లాటు మీదుగానే పోతోంది. మిగిలేది మూలనున్న ముక్కోణం. రోడ్డులో పోయే జాగాకు ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ రాదని చెబితే, ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు. నాకూ మాట రాలేదు.

అపోహ: రిజిస్ట్రేషన్ అయిందంటే లేఅవుట్‌కు అనుమతి ఉన్నట్టే. లేదు. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్ పథకానికి వచ్చిన లక్షల దరఖాస్తులు అలా కొన్నవాళ్లవే.

అపోహ: చెరువు ఎండిపోయింది, ఇక భయం లేదు. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు, ఎండదు. 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ దాటాక ఇంకో 30 మీటర్లు ఇల్లు కట్టకూడని బఫర్.

ఇప్పటికే కొనేసి నిద్ర పట్టనివాళ్లు పుకార్లు వినడం ఆపి, మీ జాగా ప్లాన్‌లో దేనికి చూపించారో చెప్పే ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు సర్వే నంబరుతో దరఖాస్తు పెట్టండి. ఇంకా టోకెన్ ఇవ్వనివాళ్లు అది చేతికొచ్చేదాకా రూపాయి కదల్చకండి. "రేపటికి రేటు పెరుగుతుంది" అని ఏజెంటు తొందరపెడితే పెరగనివ్వండి.