పుష్యమాసం పాటలు

చిన్నారులూ,

"తాతయ్యా, టీవీలో అంతమంది కలిసి పాడుతూ పాడుతూ మధ్యలో మాటలు మర్చిపోయి సరిగమలు పాడేస్తున్నారా?" అని మీలో చిన్నది అడిగింది. మంచి ప్రశ్న. ఈ నెలలో నాకిష్టమైన పాటలేవో రాయమని పెద్దవాడు అడిగాడు. రెండింటికీ ఒకటే జవాబు కాబట్టి ఒకే ఉత్తరం రాస్తున్నాను.

పుష్యమాసంలో నాకు ఐదే పాటలు. త్యాగరాజుగారి పంచరత్న కీర్తనలు. ఆయన ఇంటిపేరు కాకర్ల. పుట్టింది తిరువారూరులో, బతికిందంతా కావేరి ఒడ్డున తిరువైయారులో. తమిళదేశంలో ఉండి తెలుగులో పాడుకున్నారు. 1847లో పుష్య బహుళ పంచమినాడు కన్నుమూశారు. అంటే ఈ నెల పౌర్ణమి దాటిన ఐదో రోజు. ఏటా ఆ పొద్దున తిరువైయారులో ఆయన సమాధి ముందు వందలమంది వరుసలుగా కూర్చుని ఈ ఐదూ పాడతారు. మా కాలంలో రేడియోలో ఒక్కసారి వినేవాళ్ళం, దాటిపోతే మళ్ళీ ఏడాదికే. మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుంది. అందుకని సగంలో ఆపి ఇంకో పాటకి పోకండి. పాటకి అదో అవమానం.

ఇక సరిగమల సంగతి. వాళ్ళు మర్చిపోలేదమ్మా. ఇడ్లీ రేకు చూశారుగా? ముందు ఖాళీ గుంటలు కనిపిస్తాయి, తర్వాత అమ్మ గరిటెతో పిండి పోస్తుంది. సరిగమలు పాడేటప్పుడు వాళ్ళు మనకి ఖాళీ గుంటలు చూపిస్తున్నారన్నమాట. మరుక్షణం అవే గుంటల్లో మాటలు పోస్తారు. స్వరం ఎక్కడ సాగిందో అక్కడే దీర్ఘం పడాలి, ఎక్కడ గబగబా నడిచిందో అక్కడ పొట్టి అక్షరాలు పడాలి. పిండి ఎక్కువైతే పొర్లి పక్క ఇడ్లీకి అంటుకుంటుంది, తక్కువైతే గుంట నిండదు. రేకుకి నూనె రాయకపోతే ఇడ్లీ అంటుకుని విరుగుతుంది చూడండి, శ్రుతి సరిగ్గా పెట్టుకోకపోతే పాటా అంతే. మధ్యలో మూత తీస్తే ఉడకదు. చరణం మధ్యలో ఆపినా అంతే. రేకు మీద రేకు పేర్చినట్టు చరణం మీద చరణం వస్తుంది, అన్నీ ఒకే ఆవిరిలో ఉడుకుతాయి.

పోసిన పిండి ఎంత కచ్చితమో ఒక్క ముక్కలో చూపిస్తాను. మూడో కీర్తన "సాధించెనే"లో ఒక చరణం "రంగేశుడు సద్గంగా జనకుడు" అని మొదలవుతుంది. పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగుదానికి రెండు చొప్పున వేళ్ళమీద లెక్కపెట్టండి. దీర్ఘమే కాదు, సున్నా ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం కూడా పొడుగే. రంగేశుడు 6, సద్గంగా 6, జనకుడు 4. మొత్తం 16. పైగా రంగేశుడులో, సద్గంగాలో, ఆ వెంటనే వచ్చే సంగీతలో అదే "ంగ" గంట కొట్టినట్టు మోగుతుంది. ఇది కాగితం ముందేసుకుని లెక్కగట్టి చేసిన పని కాదు, కృష్ణుణ్ణి తలుచుకుంటూ పాడుకున్న పాట. అదెలా కుదిరిందో వివరించడం నావల్ల కాదు.

ఐదు పాటల వరస గుర్తుపెట్టుకోండి. నాట రాగంలో "జగదానందకారక". ఇదొక్కటే సంస్కృతం, పాటంతా రాముణ్ణి పేర్లతో పిలవడమే. గౌళలో "దుడుకుగల". తన తప్పులన్నీ తానే చెప్పుకుని నన్నెవరు కాపాడతారని అడగడం. ఆరభిలో "సాధించెనే", వరాళిలో "కనకనరుచిరా", శ్రీరాగంలో "ఎందరో మహానుభావులు". ఐదు రాగాలనూ ఘనరాగాలంటారు, వీణమీద తానం, అంటే తాళం లేకుండా ఊపుగా రాగాన్ని వాయించడం, దానికి దిట్టమైనవి. వరాళి పాట మిగతావాటికన్నా తక్కువ వినిపిస్తుంది. గురువు ఎదురుగా కూర్చోబెట్టి వరాళి నేర్పితే శిష్యుడికీ తనకీ చెడుతుందని పాతకాలపు నమ్మకం, అందుకే చాలామంది విని నేర్చుకునేవారు.

తాళం అన్నింటికీ ఆదితాళమే. కుడిచేత్తో తొడమీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్యవేలు. మళ్ళీ దెబ్బ, అరచెయ్యి తిప్పడం. ఇంకోసారి దెబ్బ, తిప్పడం. ఎనిమిది అయ్యాయి. పిల్లలు తప్పేది రెండుచోట్ల. సరిగమలు వచ్చేసరికి ఉత్సాహంతో చెయ్యి పరిగెడుతుంది, మాటలొచ్చేసరికి నీరసపడుతుంది. అలా అయితే గుంట కొలత మారిపోయిందన్నట్టే. రెండోది, మాట మధ్యలో ఊపిరి తియ్యడం. "మహాను" దగ్గర ఆగి "భావులు" అంటే వినడానికి బాగుండదు, ఊపిరి మాట చివరే తీసుకోవాలి. గుంపులో పాడేటప్పుడు ఇంకో చిక్కు. వెనక కూర్చున్నవాళ్ళకి ముందువరస గొంతు కొంచెం ఆలస్యంగా చేరుతుంది, దాన్ని పట్టుకుని పాడితే వెనకబడతారు. అందుకని చెవిమీద కాక ముందున్న పెద్దవారి చేతిమీద కన్నుండాలి.

రాగం ఎలా ఉంటుందో చూడాలంటే ఇంట్లో కీబోర్డు ఉంది కదా, ఆరభి వాయించండి. సి మెట్టుని స అనుకుంటే నల్లమెట్లు అక్కర్లేదు. ఎక్కేటప్పుడు స రి మ ప ధ స, అంటే గ, ని దాటెయ్యాలి. దిగేటప్పుడు స ని ధ ప మ గ రి స, ఏడూ వస్తాయి. ఎక్కేటప్పుడు పొరపాటున గ నొక్కితే ఆరభి పోయి శంకరాభరణం అనే ఇంకో రాగం వాసన వస్తుంది. దిగేటప్పుడు కూడా గ మీద, ని మీద ఎక్కువసేపు కూర్చోకూడదు, తాకి వెళ్ళిపోవాలి. కీబోర్డు మెట్లు చూపిస్తుందే కానీ ఆ ఊపు చూపించలేదు. అది గొంతులోనే వినాలి.

ఆడపిల్లలకి ఒక మాట. తిరువైయారు ఆరాధనలో ఒకప్పుడు ఆడవాళ్ళని పాడనిచ్చేవారు కాదు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొంత డబ్బుతో అక్కడ త్యాగరాజుగారికి గుడి కట్టించి, పట్టుబట్టి ఆ హక్కు సాధించారు. 1952లో ఆవిడ పోయాక సమాధి కూడా అక్కడే దగ్గరలో కట్టారు. టీవీలో ఆ వరుసల్లో ఇంతమంది అమ్మాయిలు కనిపిస్తున్నారంటే అది ఆవిడ చలవే.

ఐదూ వింటే దాదాపు గంట పడుతుంది. ఒక్కరోజే అక్కర్లేదు, ముందు మూడోది పెట్టుకోండి. ప్రతి చరణం అయ్యాక "సమయానికి తగు మాటలాడెనే" అనే పంక్తి తిరిగొస్తుంది. చేత్తో తాళం వేస్తూ, అది వచ్చినప్పుడల్లా కాగితంమీద ఒక గీత గీయండి. పాట అయ్యాక గీతలెన్నో లెక్కపెట్టి, చెయ్యి ఎక్కడ తప్పిందో కూడా రాసి నాకు పంపండి.

మీ తాతయ్య