కాన్ఫిగ్ మార్పిడి: ‘సింటాక్స్ ఓకే’ అనగానే నమ్మేయకండి

తిరుపతిలో కొన్ని కాలేజీలకు, లాడ్జీలకు సర్వర్లు చూసిపెట్టడం నా పని. కొత్త మెషీన్ పెట్టడం పెద్ద కష్టం కాదు. పాత సాఫ్ట్‌వేరే కొత్త వెర్షన్‌కి వెళ్లి, కాన్ఫిగ్ (తను ఎలా నడవాలో చెప్పే సెట్టింగుల ఫైలు) రాసే పద్ధతి మార్చుకున్నప్పుడు అసలు తంటా. అలాంటప్పుడల్లా కస్టమర్ల నోటా, పనిలో చేరిన కొత్త పిల్లల నోటా వినే మాటలివి.

అపోహ: కన్వర్టర్ నడిపితే పని అయిపోయినట్టే.

కన్వర్టర్ అంటే పాత కాన్ఫిగ్‌ని కొత్త పద్ధతిలోకి తిరగరాసే ప్రోగ్రాం. అది ఫైల్లో ఉన్నదాన్ని మారుస్తుంది. లేనిదాని సంగతి ఎవరు చూస్తారు? వెబ్‌సైట్లు నడిపే అపాచీ సర్వర్ 2.2 వెర్షన్‌లో ‘అలౌఓవర్‌రైడ్’ అనే సెట్టింగ్ రాయకపోతే ‘ఆల్’ అని లెక్క. ఏ ఫోల్డరు నియమాలు ఆ ఫోల్డర్లోనే రాసిపెట్టుకునే హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లన్నీ సర్వర్ చదువుతుంది. 2012 లో వచ్చిన 2.4 లో అదే రాయకపోతే ‘నన్’. వాటి వైపు కన్నెత్తి చూడదు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. ఒక కాలేజీ సర్వర్ మార్చి, టెస్ట్ కమాండ్ ‘సింటాక్స్ ఓకే’ (ఫైలు రాసిన తీరులో తప్పుల్లేవు) అనగానే ఇంటికొచ్చేశాను. మూడో రోజు ఫోన్. “సార్, ఇంటర్నల్ మార్కుల ఫోల్డరు పాస్‌వర్డే అడగటం లేదు, మీరేమన్నా తీసేసినారా?” నేను తీయలేదు. పాస్‌వర్డ్ అడగమని రాసిన ఫైలు అక్కడే ఉంది, సర్వర్ దాన్ని చదవడం మానేసింది. సర్వర్ తన పనులు రాసుకునే లాగ్ ఫైల్లో ఒక్క ఎర్రర్ లేదు. దాని లెక్కలో అది తప్పేమీ చేయలేదు మరి.

అప్పట్నుంచి ఏ మార్పిడికైనా ముందు పాత సర్వర్‌ని ప్రశ్నలడిగి జవాబులు రాసిపెట్టుకుంటున్నాను. ఏ లింకుకి 200 (తెరుచుకుంది) వస్తోంది, దేనికి 401 (పాస్‌వర్డ్ కావాలి), దేనికి 403 (లోపలికి రానివ్వను). కొత్తదాన్నీ అవే అడిగి, రెండు జాబితాలూ పక్కపక్కన పెడతాను. తెరుచుకోవాల్సినవి తెరుచుకున్నాయా అని అందరూ చూస్తారు. మూసి ఉండాల్సినవి మూసే ఉన్నాయా అన్నది ముందు చూడాలి.

(సర్వర్లో డెబియన్ అనే లినక్స్ వాడేవాళ్లకు ఇంకో మాట: 2.4 తో సైట్ల ఫైలు పేరు చివర ‘డాట్ కాన్ఫ్’ లేకపోతే అపాచీ దాన్ని చదవదు. అదీ నోరెత్తకుండానే.)

అపోహ: పాత పద్ధతి ఇంకా పనిచేస్తోంది కదా, తొందరేముంది?

ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు ఆ తర్వాత ఏడాది పాటు చెల్లాయి, 2021 ఏప్రిల్ 1 నుంచి చెల్లలేదు. ‘యాక్సెస్ కంపాట్’ అనే అపాచీ మాడ్యూల్ ఇచ్చేదీ అలాంటి గడువే. దాని పుణ్యమా అని, ఎవర్ని రానివ్వాలో ఎవర్ని ఆపాలో చెప్పే పాత ‘ఆర్డర్, అలౌ, డినై’ లైన్లు 2.4 లోనూ నడుస్తాయి. చిక్కల్లా సగం పాతవి ఉంచి, సగం కొత్త ‘రిక్వైర్’ లైన్లు రాసినప్పుడు. రెండూ కలిస్తే మనం అనుకోని జవాబు వస్తుంది. అప్పుడు కూడా టెస్ట్ కమాండ్ ‘ఓకే’ అనే అంటుంది. మారిస్తే ఆ సైటు మొత్తం మార్చండి, లేదంటే ఆ రోజుకి ముట్టుకోకండి.

అపోహ: పాత ఫైలు వద్దని మొండికేసే సాఫ్ట్‌వేర్ చెడ్డది.

నాకైతే అదే మేలు. 2025 జనవరిలో వచ్చిన డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ 2.4 వెర్షన్‌ను పాత 2.3 ఫైలుతో నడపలేం. ఈ కాన్ఫిగ్ ఏ వెర్షన్‌ది అని మొదటి లైన్లోనే రాయమంటుంది. మెయిల్ సర్వర్ చూసేవాళ్లు తిట్టుకున్నారు, నేనూ తిట్టాను. కానీ ఎక్కడ ఆగిందో చెప్పే ఆగింది. మార్కుల ఫోల్డరులా మూడు రోజులు నోరు మూసుకుని కూర్చోలేదు.

అపోహ: అర్ధరాత్రి మారిస్తే ఎవరికీ తెలీదు.

తిరుపతిలో అర్ధరాత్రి ఎక్కడుంది? రైలు దిగినవాళ్లు రెండు గంటలకీ లాడ్జి కౌంటర్ ముందు నిలబడే ఉంటారు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి దరిదాపుల్లో నేను ఏదీ ముట్టుకోను. మామూలు రోజుల్లో మంగళవారం పదకొండింటికి, సంగతి తెలిసినవాళ్లంతా సీట్లలో ఉన్నప్పుడు మారుస్తాను.

అపోహ: మారనివాళ్లు బద్ధకస్తులు.

వాళ్లది బద్ధకం కాదు, భయం. పదేళ్ల ఫైల్లో ఏ లైను ఎవరు ఎందుకు రాశారో చెప్పేది పక్కనున్న కామెంట్ (సాఫ్ట్‌వేర్ పట్టించుకోని, మనుషుల కోసం రాసిన మాట) ఒక్కటే. కన్వర్టర్లు చాలావరకు దాన్నే పారేస్తాయి. యూజర్ల వివరాలన్నీ ఒకచోట ఉంచే ఓపెన్ ఎల్‌డ్యాప్‌ అనే సాఫ్ట్‌వేర్‌లో పాత ఫైల్ని కొత్త డైరెక్టరీ రూపంలోకి మారిస్తే సెట్టింగులు వస్తాయి, కామెంట్లు రావు.

అందుకే పాత ఫైలు ప్రింటు తీసి, అది రాసినవాళ్లెవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఒకచోట ఓ పెద్ద ఐపీ రేంజికి (కంప్యూటర్ అడ్రసుల వరుసకి) తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పక్కన కామెంట్: ‘కొత్త బ్లాకు వైరింగ్ అయ్యేదాకా మాత్రమే’. ల్యాబ్ చూసే పెద్దాయన్ని అడిగాను.

“ఏ బ్లాకు సార్?”

ఆయన కిటికీలోంచి చూపించాడు. దానికి అప్పటికే రెండుసార్లు సున్నం కూడా వేసేశారట.